ఏఐ ఏజెంట్ మన సాఫ్ట్‌వేర్‌ని తప్పుగా వాడుతుంటే మోడల్ మార్చాలా, డాక్యుమెంటేషన్ మార్చాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కావలి దగ్గర రొయ్యలు కొనే ఆఫీసుకి మీరు సాఫ్ట్‌వేర్ రాశారు. రైతుల ఖాతాలు, మేత స్టాకు, పట్టుబడి తూకాలు అన్నీ అందులోనే ఉన్నాయి. 60 పేజీల పీడీఎఫ్ మాన్యువల్ కూడా ఉంది. ఈమధ్య దానికి ఎంసీపీ (సాఫ్ట్‌వేర్‌ని ఏఐ మోడల్‌కి కలిపే ఒక ఉమ్మడి పద్ధతి) ద్వారా ఒక ఏఐ ఏజెంట్‌ని తగిలించారు. ఓనరు వాట్సాప్‌లో అడిగితే అది వెతికి చెప్పాలి. కానీ ఒక టూల్ (ఏజెంట్ వాడుకోవడానికి మీ సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఒక్కో పని) పిలవాల్సిన చోట ఇంకోటి పిలుస్తోంది, పెద్ద రొయ్యల లెక్క అడిగితే చిన్న రొయ్యల లెక్క చెబుతోంది. ఖరీదైన మోడల్‌కి మారాలా, డాక్యుమెంటేషన్ మార్చాలా, మారిస్తే ఎలా రాయాలి అని అడిగారు.

మోడల్ జోలికి ఇప్పుడే పోకండి. ఆ పీడీఎఫ్ జోలికీ పోకండి. ఒక్కో టూల్‌కి మీరు రాసిన రెండు మూడు లైన్ల వివరణ, దాని ఫీల్డుల పేర్లు, అది ఇచ్చే ఎర్రర్ మెసేజీలు, ఈ మూడూ తిరగరాయండి. మీరు చెప్పిన తప్పుల్లో చాలావరకు అక్కడే పోతాయి. తిరగరాయడానికి కూర్చున్నాక ఏదైనా టూల్ గురించి సూటిగా రాయలేకపోతుంటే తప్పు మీ రాతది కాదు, టూల్‌ది. అప్పుడు టూల్‌నే మార్చాలి.

నేను నెల్లూరులో 14 ఏళ్లుగా రైస్ మిల్లులకి, ధాన్యం వ్యాపారులకి లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఏడాదిన్నర నుంచి వాటికి ఏజెంట్లను తగిలిస్తున్నాం. కింద రాసేదంతా ఆ పనిలో తిన్న దెబ్బల నుంచే.

ముందు పీడీఎఫ్ సంగతి. ఏజెంట్ దాన్ని చదవడం లేదు. ఎంసీపీని ఆంత్రోపిక్ 2024 నవంబరులో బయటపెట్టింది. అంతకుముందే 2023 జూన్‌లో ఓపెన్ఏఐ ఫంక్షన్ కాలింగ్ తెచ్చింది. పేర్లు వేరైనా పద్ధతి ఒకటే: టూల్ పేరు, దాని వివరణ, అది తీసుకునే ఫీల్డుల పట్టిక మోడల్‌కి అందుతాయి. దాని కంటికి మీ సాఫ్ట్‌వేర్ అంటే అంతే. మీరు 37వ పేజీలో ఎంత చక్కగా వివరించినా ఆ పేజీని ఎవరో తెచ్చి ముందు పెడితే తప్ప దానికి తెలియదు.

ఇంకో సంగతి. బుచ్చిరెడ్డిపాళెం మిల్లులో కొత్త గుమాస్తా చేరితే మొదటి వారం పక్కన కూర్చున్న పెద్దాయన్ని అడుగుతూనే ఉంటాడు. "అన్నా, ఈ రేటు పుట్టికా, క్వింటాకా?" "ఈ సుబ్బారెడ్డి ఏ ఊరి సుబ్బారెడ్డి?" మన మాన్యువళ్లన్నీ అలాంటి పెద్దాయన పక్కన ఉంటాడన్న ధీమాతో రాసినవే. ఏజెంట్‌కి ఆ పెద్దాయన లేడు. పైగా మనవాడైతే తెలియనప్పుడు తల గోక్కుంటాడు, ఇది గోక్కోదు. ఊహించేసి, ఏ తడబాటూ లేకుండా సమాధానం చెప్పేస్తుంది. కాబట్టి మీరు రాయాల్సింది ఆ పెద్దాయన నోట్లో ఉన్న మాటలు.

నా మొదటి దెబ్బ పుట్టితోనే తగిలింది. మన జిల్లాలో ధాన్యం బేరం పుట్టి లెక్కన. పుట్టి అంటే 850 కిలోలు. మా సాఫ్ట్‌వేర్‌లో ఫీల్డు పేరు "క్వాంటిటీ", దాని వివరణ "ధాన్యం పరిమాణం". పదేళ్లుగా ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే వాడేవాళ్లంతా నెల్లూరోళ్లే. ఒకరోజు ఒక మిల్లు ఓనరు ఫోన్ చేసి, "ఏందన్నా ఇది, 12 పుట్లు దిగితే 1,200 కిలోలు అంటా ఉంది?" అన్నాడు. ఏజెంట్ 12ని క్వింటాళ్లు అనుకుంది. అసలు లెక్క 10,200 కిలోలు. అక్కడితో ఆగితే బాగుండేది. రేటు ఫీల్డులో 20,200 చూసి, దాన్నీ క్వింటా ధర అనుకుని, "మద్దతు ధర 2,369 ఉండగా మీరు ఎనిమిదిన్నర రెట్లు ఎక్కువ పెట్టి కొంటున్నారు, గమనించగలరు" అని ఓనరుకి హితవు కూడా చెప్పింది. ఆయన నవ్వాడు కాబట్టి సరిపోయింది.

ఇందులో మోడల్ తప్పేముంది? దేశంలో చాలాచోట్ల వడ్లని క్వింటాల్లో లెక్కేస్తారు, అదీ అదే అనుకుంది. సరే, "పుట్టి" అని ఒక్క మాట రాస్తే చాలనుకుని రాశాను. అదీ చాల్లేదు. పుట్టి ఒక్కో ప్రాంతంలో ఒక్కో లెక్క. మోడల్ ఎక్కడో చదివిన ఇంకో లెక్క పట్టుకొచ్చింది. చివరికి ఫీల్డు పేరే "పరిమాణం_కేజీ" అని మార్చి, వివరణలో "యూజర్ పుట్టి అంటే 850తో గుణించి పంపాలి" అని రాశాను. తర్వాత ఆ గుణకారం కూడా దాని చేతికి ఇవ్వడం దేనికని యూనిట్ అని ఇంకో ఫీల్డు పెట్టి, అందులో కేజీ, క్వింటా, పుట్టి మాత్రమే ఒప్పుకునేలా చేసి, లెక్క కోడ్‌లోనే వేసేస్తున్నాం. మళ్లీ ఆ తప్పు రాలేదు. కొలత ఉన్న ప్రతి ఫీల్డు పేరులోనే కొలత కనిపించాలి, లేదా కొలతని విడిగా అడగాలి. వివరణలో దాస్తే సగం పనే అవుతుంది.

ఇప్పుడు మీ రొయ్యల సంగతి. మీ టూల్ వివరణ "గెట్ హార్వెస్ట్: హార్వెస్ట్ వివరాలు ఇస్తుంది" అని ఉందన్నారు. ఫీల్డు పేరు "మిన్ కౌంట్", అంటే కనీస కౌంట్. ఆ ఫీల్డే మీ కొంప ముంచుతోంది. సాఫ్ట్‌వేర్ భాషలో కౌంట్ అంటే ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్య. అల్లూరులోనో విడవలూరులోనో గుంటల దగ్గర కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ అంకె. అంకె పెరిగితే రొయ్య చిన్నది. ఓనరు "పెద్ద సైజు సరుకు ఎంత వచ్చింది" అంటే ఏజెంట్ కౌంట్ ఎక్కువున్నవి ఏరి 100 కౌంట్ సరుకు చూపిస్తోంది. దాని లెక్కలో అది సబబే. నేనైతే ఇలా రాస్తాను:

"రొయ్యల పట్టుబడి తూకాలు వెతకడానికి. కౌంట్ అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య, మొత్తం రొయ్యల సంఖ్య కాదు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ: 30 కౌంట్ పెద్దది, 100 కౌంట్ చిన్నది. పెద్ద రొయ్యలు అడిగితే 'కిలోకి_గరిష్ఠ_రొయ్యలు' ఫీల్డు వాడాలి. ఎంత అంకెలోపు పెద్దవిగా చూడాలో యూజర్ చెప్పకపోతే అడగాలి. తూకం కిలోల్లో వస్తుంది. తేదీ భారత కాలమానం ప్రకారం, ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు. ఒకసారికి 50 వరుసలే వస్తాయి. మేత నిల్వకి ఇది కాదు, 'మేత_స్టాక్' వాడాలి. రైతుకి చెల్లించాల్సిన బాకీకి ఇది కాదు, 'రైతు_ఖాతా' వాడాలి."

ఎక్కడ వాడకూడదో చెప్పే ఆ చివరి రెండు వాక్యాలు చూడండి. చాలామంది ఇవి రాయరు. టూల్ ఏం చేస్తుందో రాస్తారు, ఏది చెయ్యదో రాయరు. తప్పు టూల్ పిలుస్తోంది అన్నారు కదా, దానికి నాకు తెలిసిన మొదటి మందు ఇదే. ఒకే పోలికున్న రెండు టూల్స్ ఉంటే ఒకదాని వివరణలో ఇంకోదాని పేరు రాయండి.

కాలమానం గురించి ఎందుకు రాశానంటే, పట్టుబడి తెల్లవారుజామున జరిగితే సరుకు రెండింటికి తూకానికి వస్తుంది. సర్వర్ టైము యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటే అది ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. "ఈరోజు పట్టుబడి ఎంత" అంటే సగం సరుకు నిన్నటి ఖాతాలోకి పోతుంది. తేదీని 05/01 అని ఇచ్చినా అంతే, జనవరి 5 అనుకుంటుందో మే 1 అనుకుంటుందో ఆరోజు దాని ఇష్టం.

ఎర్రర్ మెసేజీలు. ఇవి కూడా డాక్యుమెంటేషనే అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నిజానికి ఏజెంట్ మన రాతల్లో అన్నిటికంటే శ్రద్ధగా చదివేది వీటినే, ఎందుకంటే సరిగ్గా అది ఇరుక్కున్న చోట దొరికేవి ఇవి. మా సాఫ్ట్‌వేర్ ఒకప్పుడు "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని మాత్రమే అనేది. ఎడగారు (మా దగ్గర మొదటి పంట తర్వాత వేసే రెండో పంట) కొనుగోళ్ల లెక్క అడిగితే సీజన్ ఫీల్డులో ఏజెంట్ "ఎడగారు" అని పంపింది. ఇన్‌వాలిడ్. "సమ్మర్" అని పంపింది. ఇన్‌వాలిడ్. అలా వరసగా 11 సార్లు లాగులో (ఏజెంట్ ఏ టూల్‌ని ఏ విలువతో పిలిచిందో నమోదయ్యే ఫైలులో) కనిపించింది. 12వ సారి విసుగెత్తిందేమో, సీజన్ తీసేసి ఏడాది మొత్తం లెక్క తెచ్చి అదే ఎడగారు లెక్క అని చెప్పేసింది. ఇప్పుడు "ఎడగారు" అన్న విలువని ఒప్పుకుంటుంది, ఆ మెసేజ్ కూడా ఇలా ఉంది: "సీజన్ విలువ 'సమ్మర్' చెల్లదు. చెల్లేవి: మొదటి_పంట, ఎడగారు. సీజన్ తెలియకపోతే యూజర్‌ని అడగాలి, ఖాళీగా పంపకూడదు." అసలు ఫీల్డులోనే ఆ రెండు విలువలు తప్ప వేరేవి రాకుండా కట్టడి చేశాం కాబట్టి ఇప్పుడు ఈ ఎర్రర్ రావడమే అరుదు. ఏది తప్పయిందో, ఏది చెల్లుతుందో, తర్వాత ఏం చెయ్యాలో మూడూ ఎర్రర్‌లోనే ఉండాలి.

డబ్బు రాసే టూల్స్ విషయంలో మాత్రం నన్ను చూసి జాగ్రత్తపడండి. ఒక మిల్లులో రైతుకి 50,000 అడ్వాన్స్ ఎంట్రీ వెయ్యమన్నారు. ఆరోజు సర్వర్ నెమ్మదిగా ఉంది, ఎంట్రీ పడింది కానీ సమాధానం వెనక్కి రాలేదు. ఏజెంట్ మళ్లీ పిలిచింది. రెండు ఎంట్రీలు, రైతు పేరు మీద లక్ష. పంట తూకమప్పుడు ఆయన కాగితం తీసి చూపించేదాకా ఎవరూ చూసుకోలేదు. తప్పు నాదే. రాత్రి పదకొండు దాకా కూర్చుని సీజన్ మొత్తం ఎంట్రీలు చేతి పుస్తకంతో సరిచూశాం. ఇప్పుడు ప్రతి ఎంట్రీకి రెఫరెన్స్ నంబరు తప్పనిసరి. అదే నంబరుతో రెండోసారి వస్తే కొత్తది పడదు, పాతదే చూపిస్తుంది. వివరణలో "సమాధానం రాకపోతే అదే రెఫరెన్స్ నంబరుతోనే మళ్లీ పిలవాలి, కొత్త నంబరు తియ్యకూడదు" అని రాశాం. వివరణ ఒక్కటే రాసి ఊరుకోకండి, కోడ్‌లో కట్టడి ఉండాలి.

ఈ మాట విడిగా చెప్పాలి: వివరణ తాళం కాదు. "డిలీట్ చెయ్యొద్దు" అని రాస్తే చాలావరకు చెయ్యదు. చాలావరకు అంటే మనకి సరిపోదు. డిలీట్ చేసే హక్కే ఆ లాగిన్‌కి ఇవ్వకండి. ఎంసీపీలో ఈ టూల్ చదవడానికే, ఈ టూల్ చెరిపేస్తుంది అని గుర్తులు పెట్టే వీలుంది, పెట్టండి. అయితే అవి సూచనలే, కాపలా కాదు. చెరిపే పనులకి, డబ్బు పనులకి ముందు ఉత్తుత్తిగా నడిపి ఏం మారబోతోందో చూపించే పద్ధతి పెట్టి, మనిషి సరే అన్నాకే అసలు పని జరిగేలా చూసుకోండి.

పేర్ల గొడవ మనవాళ్లకి ప్రత్యేకం. ఒక ఊళ్లోనే ముగ్గురు వెంకటేశ్వర్లు, ఒకరికి ఇంటిపేరు పొడి అక్షరంలో, ఒకరికి పూర్తిగా, ఒకరికి అసలు లేకుండా. ఓనరు తెలుగులో అడుగుతాడు, డేటాలో ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, అదీ మూడు స్పెల్లింగుల్లో. దీనికి వివరణతో తీరేది కొంత, వెతికే టూల్ బాగుచేస్తే తీరేది ఎక్కువ. మా టూల్ ఇప్పుడు దగ్గరి పేర్లన్నీ ఊరు, తండ్రి పేరుతో సహా ఇస్తుంది. "ఒకరికంటే ఎక్కువమంది వస్తే యూజర్‌ని అడగాలి, మొదటివాణ్ణి తీసుకోకూడదు" అన్న వాక్యం వివరణలోనే కాదు, ఆ జవాబు చివర కూడా వస్తుంది. జవాబులో రాసిన మాట పని చేసినంతగా వివరణలో రాసిన మాట పని చెయ్యదు. ఎందుకో సిద్ధాంతం చెప్పను, లాగుల్లో చూశాను.

వివరణ తెలుగులో రాయాలా ఇంగ్లీషులోనా అని అడిగారు. నేను ఇంగ్లీషులోనే రాస్తాను. చాలా మోడళ్లలో తెలుగు లిపికి టోకెన్లు (మోడల్ రాతని విడగొట్టి చదివే ముక్కలు, ఖర్చు వీటి లెక్కనే) ఎక్కువ పడతాయి, టూల్ వివరణలు ప్రతి సంభాషణలోనూ వెళ్తాయి కాబట్టి ఖర్చు కనిపిస్తుంది. కానీ వ్యాపారం మాటల్ని అనువదించకండి. పుట్టి, కౌంట్, ఎడగారు, గుంట, పట్టుబడి ఇవి తెలుగు లిపిలోనూ, ఓనర్లు వాట్సాప్‌లో కొట్టే ఇంగ్లీషు అక్షరాల్లోనూ రెండు రకాలుగా పెట్టండి. పైన నేను తెలుగులో రాసి చూపించింది మీకు అర్థం కావడానికి.

టూల్స్ ఎన్ని ఉన్నాయో మీరు చెప్పలేదు. మాకు మొదట 43 ఉండేవి, డేటాబేస్‌లో ఒక్కో టేబుల్‌కి నాలుగైదు చొప్పున. ప్రోగ్రామర్ బుర్రతో చేసిన పని అది. ఓనరు ఎప్పుడూ టేబుల్ అడగడు, "ఈ రైతుకి నేనెంత ఇవ్వాలి" అని అడుగుతాడు. దానికి ఏజెంట్ ఐదు టూల్స్ వరసగా పిలిచి మధ్యలో ఎక్కడో దారి తప్పేది. ఇప్పుడు అడిగే ప్రశ్నలని బట్టి 11 చేశాం. రైతు ఖాతా టూల్ ఒక్కటే కొనుగోళ్లు, అడ్వాన్సులు, కోతలు, మిగిలిన బాకీ అన్నీ ఇస్తుంది. డాక్యుమెంటేషన్ దానంతటదే నాలుగో వంతుకి తగ్గింది.

జవాబుల పొడవు కూడా చూసుకోండి. 4,000 మంది రైతుల పట్టిక మొత్తం పంపితే మోడల్ మధ్యలోవి వదిలెయ్యొచ్చు. 50 పంపి, "మొత్తం 4,112లో మొదటి 50, మిగతాకి పేజీ 2 అడగాలి, లేదా ఊరు పేరుతో వడపోయాలి" అని చివర రాయండి. ఆ లైను లేకపోతే 50నే మొత్తం అనుకుంటుంది.

కమాండ్ లైన్ స్క్రిప్టులు (ఆదేశం టైపు చేసి నడిపే చిన్న ప్రోగ్రాములు) కూడా ఏజెంట్‌కి ఇస్తున్నారంటే ఒక్కటే చెబుతాను: మధ్యలో "అవునా, కాదా" అని ఆగి అడిగే స్క్రిప్ట్ దగ్గర అది అలాగే వేలాడుతుంది. ఆగకుండా నడిచే ఆప్షన్ పెట్టి, హెల్ప్‌లో ఒక నిజమైన ఉదాహరణతో చూపించండి.

ఒక పొరపాటు మాత్రం నాలా చెయ్యకండి. మొదట్లో దెబ్బ తిన్న ప్రతిసారీ వివరణలో "ముఖ్య గమనిక", "తప్పనిసరిగా", "ఎట్టి పరిస్థితుల్లోనూ" అని చేర్చుకుంటూ పోయాను. ఒక టూల్‌కి "ప్రతిసారీ ముందు దీన్ని పిలవాలి" అని రాశాక, ఓనరు "గుడ్ మార్నింగ్" అన్నా స్టాకు రిపోర్టు తియ్యడం మొదలుపెట్టింది. కేకలు తగ్గించి కారణం రాశాను. "రేటు రోజూ మారుతుంది కాబట్టి బిల్లు వేసే ముందు ఈరోజు రేటు తీసుకోవాలి." కారణం ఉంటే ఎక్కడ వర్తిస్తుందో అదే తేల్చుకుంటోంది.

ఇక సరిచూసుకోవడం. ఓనరు వాట్సాప్‌లోంచి పోయిన నెల అడిగిన నిజమైన ప్రశ్నలు 25 తీసుకోండి, మీరు కూర్చుని ఊహించినవి వద్దు. సరైన సమాధానాలు చేత్తో రాసి పెట్టుకోండి. వివరణ మార్చిన ప్రతిసారీ అన్నీ నడిపి, తప్పినచోట లాగు తెరిచి ఏ టూల్‌ని ఏ విలువలతో పిలిచిందో చదవండి. "ఎందుకిలా చేశావు" అని మోడల్‌నే అడిగితే అందమైన కథ చెబుతుంది, దాన్ని ఆధారంగా తీసుకోకండి. లాగే సాక్ష్యం. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యండి, లేకపోతే ఏది పని చేసిందో మీకే తెలియదు.

25లో ఇంకా నాలుగైదు తప్పుతూనే ఉంటే, టూల్ సరిగ్గానే పిలిచి లెక్కలో తడబడుతుంటే, అప్పుడు మోడల్ మార్చి చూడండి. పాత రాతలతో కొత్త మోడల్ తెస్తే 12 పుట్లని అది కూడా క్వింటాళ్లే అనుకుంటుంది, కాకపోతే ఇంకాస్త మంచి భాషలో చెబుతుంది.

మీ పీడీఎఫ్‌ని పారెయ్యకండి. మనుషులకి అది కావాలి. ఏజెంట్‌కి అవసరమైన భాగాలు మాత్రం చిన్న చిన్న టెక్స్ట్ ఫైళ్లుగా కోడ్ పక్కనే పెట్టి, కోడ్ మారినప్పుడే అవీ మారేలా చూసుకోండి. కోడ్ ఒకటి, రాత ఒకటి చెబితే మనిషి అనుమానపడతాడు, ఏజెంట్ రాతనే నమ్ముతుంది.

ఈ వారం పట్టుబడి, మేత స్టాకు, రైతు ఖాతా ఈ మూడు టూల్స్ వరకే రాసి చూడండి. రాసింది ముందు మీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తెలియని, రొయ్యల వ్యాపారమూ తెలియని ఒకరి చేతికిచ్చి, ఓనరు ప్రశ్నలు ఐదు చెప్పి, ఏ టూల్‌లో ఏం నింపుతారో అడగండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ మొహం చూస్తారో అక్కడ ఒక వాక్యం తక్కువైందని గుర్తు పెట్టుకోండి. ఆ మూడు వివరణలు, తప్పిన ప్రశ్నల లాగులు రైతుల పేర్లు తీసేసి ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.